పొగ ఎవరిది?

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రోజూ సాయంత్రం నాలుగు గంటల లెక్కతో ఒక పట్టిక విడుదల చేస్తుంది. అందులో ఊరి పేరు, గాలి నాణ్యత సూచీ, ఆ రోజు గాలిని ఎక్కువగా చెడగొట్టిన పదార్థం ఉంటాయి. అందరి కళ్లూ సూచీ మీదే ఉంటాయి. ఎన్ని కేంద్రాల కొలతలతో ఆ అంకె వచ్చిందో చెప్పే గడి ఒకటి ఉంటుంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఢిల్లీకి ఆ గడిలో ముప్పైకి పైగా కనిపిస్తాయి. మన పెద్దవాళ్లు రాయవేలూరు అని పిలుచుకునే వేలూరుకు మాత్రం వసంతపురంలోని ఒక్క కేంద్రమే లెక్క. కోట, సీఎంసీ ఆస్పత్రి, కాట్పాడి జంక్షన్, చెన్నై–బెంగళూరు జాతీయ రహదారి అన్నిటి గాలికీ ఆ ఒక్క పెట్టె బదులు చెప్పాలి.

ఆ పట్టికలో అదే జిల్లాలోని గుడియాత్తం పేరు కోసం వెతకనక్కర్లేదు, లేదు.

కౌండిన్య నది ఒడ్డున, పలమనేరు కొండల నీళ్లు దిగే చోట ఉన్న ఈ ఊరి జనాభా 2011 లెక్కల్లో 91 వేల పైచిలుకు. అగ్గిపెట్టెలు, కైలీలు, బీడీలు ఈ ఊరి బతుకుతెరువు. పడమటికి పోతే పేర్నంబట్టు టానరీలు, ఇంకాస్త దూరంలో ఆంబూరు, వానియంబాడి. చుట్టుపక్కల పల్లెల్లో చెరకు తోటలు, బెల్లం వండే కొట్టాలు, పాలారు వైపు ఇటుక బట్టీలు, కొండల దగ్గర కంకర క్రషర్లు. ఇంతమంది తలా ఒక చెయ్యి వేసిన గాలిలో ఎవరి పాలు ఎంత? వాయు కాలుష్యం మీద పనిచేసేవాళ్లకు ఇంతకన్నా చిక్కు ప్రశ్న ఇంకోటి లేదు.

ఎంత ఉంది అన్నది తేలిక ప్రశ్న. తేలిక అంటే సూత్రం తేలిక, పని కాదు. నలభై ఏడు మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రటి టెఫ్లాన్ ఫిల్టరును ఇరవై నాలుగు గంటలు ఒకే ఉష్ణోగ్రత, ఒకే తేమ ఉన్న గదిలో ఉంచుతారు. మిల్లీగ్రాములో వెయ్యోవంతు తేడా పట్టగల త్రాసులో తూచి, మేడ మీద పెట్టిన యంత్రంలో బిగిస్తారు. లోపలి పంపు నిమిషానికి 16.7 లీటర్ల గాలి పీలుస్తుంది, అంటే గంటకు ఒక ఘనమీటరు. రెండున్నర మైక్రాన్లకన్నా పెద్ద రేణువులు దారిలోనే తప్పుకుంటాయి, సన్నవి ఫిల్టరు మీద వాలతాయి. మర్నాడు ఫిల్టరు తీసి, మళ్లీ అదే గదిలో ఉంచి తూస్తారు. పెరిగిన బరువును ఇరవై నాలుగు ఘనమీటర్లతో భాగిస్తే ఆ రోజు పీఎం 2.5 వచ్చేస్తుంది.

గాలి సరిగ్గా మన దేశపు రోజువారీ పరిమితి దగ్గరే, ఘనమీటరుకు 60 మైక్రోగ్రాముల దగ్గర ఉందనుకుందాం. అప్పుడు ఫిల్టరు మీద చేరేది 1.44 మిల్లీగ్రాములు. ఫిల్టరు బరువే వంద మిల్లీగ్రాముల పైన ఉంటుంది. చేతి తేమ తగిలినా, ఫిల్టరు మీద స్థిర విద్యుత్తు మిగిలినా, మధ్యలో రెండు గంటలు కరెంటు పోయి పంపు ఆగినా ఆ లెక్క నమ్మదగింది కాదు. నాకు తెలిసినంతలో చిన్న ఊళ్లలో ఈ పనికి అసలు శత్రువు కరెంటు కోతే. జాతీయ పథకం కింద చేత్తో చేసే ఈ కొలతలు వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు జరగాలి. వసంతపురం లాంటి ఆటోమేటిక్ కేంద్రాల్లో ఈ తూకాలేవీ ఉండవు. కదిలే కాగితపు పట్టీ మీద దుమ్ము పేరుకుంటుంది, దాని గుండా బీటా కిరణాలు ఎంత తగ్గి బయటికొచ్చాయో చూసి యంత్రమే గంట గంటకూ బరువు చెప్తుంది.

బరువు మాత్రం ఎవరినీ పట్టివ్వదు. క్రషర్ దుమ్మూ డీజిల్ మసీ త్రాసుకు ఒకటే.

ఇక్కడ ఒక పెళ్లి ఊహించుకోండి. చదివింపుల కవర్ల మీద ఎవరూ పేర్లు రాయలేదు. కవర్లన్నీ చింపి డబ్బంతా ఒకే డబ్బాలో పోశారు. ఐదువందల నోట్లెన్నో, వందలెన్నో, యాభైలెన్నో, రూపాయి బిళ్లలెన్నో లెక్కపెట్టగలం. ఏ వైపువాళ్లు ఎంత చదివించారో చెప్పగలమా? వాళ్ల అలవాట్లు తెలిస్తే చెప్పగలం. పెళ్లికూతురి మేనమామల వైపు కవరుకు రెండు ఐదువందలు, ఒక యాభై, ఒక బిళ్ల పెడతారు. ఆఫీసువాళ్లు ఐదువందల నోటొక్కటే పెట్టి బిళ్ల మరిచిపోతారు. ఊరివాళ్లది వంద నోటు, ఒక బిళ్ల. నోటు రకానికొక సమీకరణం రాసుకుని, మూడు వైపుల నుంచీ ఎన్నెన్ని కవర్లు వచ్చాయో సాధించవచ్చు. ఫిల్టరు విషయంలో నోట్ల స్థానంలో మూలకాలు ఉంటాయి, అలవాటు స్థానంలో ఒక్కో పొగ రసాయన కూర్పు ఉంటుంది. 1970లలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని కెమికల్ మాస్ బ్యాలెన్స్ అంటారు.

అలవాట్లు తెలియకపోతే? ఒక్క పెళ్లి డబ్బా చాలదు, వంద పెళ్లిళ్ల డబ్బాలు కావాలి. ఏ నోట్లు ఎప్పుడూ కలిసి పెరుగుతున్నాయో, కలిసి తగ్గుతున్నాయో చూసి అలవాట్లను వాటి నుంచే రాబట్టాలి. ఎవరూ మైనస్ రూపాయలు చదివించరు గనక, లెక్కలో రుణసంఖ్య వచ్చిన జవాబులన్నీ పక్కన పడేయవచ్చు. 1994లో ఫిన్లండు శాస్త్రజ్ఞులు పాటెరో, టాపర్ ప్రచురించిన పాజిటివ్ మేట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్ చేసే పని ఇదే. కాకపోతే కంప్యూటరు ఒకటో గుంపు, రెండో గుంపు అని మాత్రమే చెప్తుంది. ఒకటో గుంపు వాహనాలు, రెండోది కట్టెల పొగ అని పేరు పెట్టేది మనిషి. ఈ రంగంలో వచ్చే గుండ్రటి బొమ్మల్లో, ఫలానా ఊరి కాలుష్యంలో వాహనాల పాలు ఇంత శాతం అని ఒక్క అంకెతో తేల్చేసే వాటిని చూస్తే నాకు ఎప్పుడూ కొంచెం అనుమానమే. ఆ గుంపుకు ఆ పేరు ఎందుకు పెట్టారో కూడా పక్కనే రాయాలి.

పేరు పెట్టడం ఎంత కష్టమో గుడియాత్తం గాలినే తీసుకుని చూడవచ్చు. కట్టె, చెరకు పిప్పి, ఎండుటాకు ఏది కాలినా సన్నని రేణువుల్లో పొటాషియం కనిపిస్తుంది. అందుకే ప్రపంచమంతటా పొటాషియం పెరిగితే జీవ ఇంధనం కాలిందని రాసుకోవడం అలవాటు. గుడియాత్తంలో అలా రాసుకుంటే తప్పులో కాలేసినట్టే. అగ్గిపుల్ల తలలో ఉండే ముఖ్య పదార్థం పొటాషియం క్లోరేట్. వైశాఖంలో జరిగే గంగమ్మ శిరసు జాతరలో కాల్చే బాణసంచా మందులో ఉండేది పొటాషియం నైట్రేట్. ఇవి చాలవన్నట్టు, వేలూరు చుట్టూ ఉన్న గ్రానైటు కొండల్లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజంలోనూ పొటాషియం ఉంది, క్రషర్ ఆడినప్పుడల్లా అది దుమ్ముగా లేస్తుంది. ఒక్క మూలకానికి నలుగురు హక్కుదారులన్నమాట.

విడదీసే దారి లేకపోలేదు. ఫిల్టరులో ఒక ముక్క కోసి నీళ్లలో నానబెడితే పొగ నుంచి, అగ్గిమందు నుంచి, టపాసు నుంచి వచ్చిన పొటాషియం కరిగిపోతుంది, రాతి పొటాషియం కరగదు. ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్‌తో మొత్తం ఎంతో, అయాన్ క్రొమాటోగ్రఫీతో కరిగింది ఎంతో చూస్తే కొండ వాటా పక్కకు తప్పుకుంటుంది. రాతి దుమ్ముకు తోడుగా సిలికాన్, అల్యూమినియం కూడా ఉంటాయి గనక ఆ లెక్కను ఇంకోవైపు నుంచి సరిచూసుకోవచ్చు. టపాసులైతే ఆకుపచ్చ వెలుగుకు బేరియం, ఎర్ర వెలుగుకు స్ట్రాన్షియం ఇస్తాయి. జాతర మర్నాటి ఫిల్టరులో అవి ఎగిసి, వారానికల్లా తగ్గిపోతే ఆ సంగతి తేలినట్టే. ఇక మిగిలింది కట్టె పొగ, అగ్గిమందు. సెల్యులోజు మూడువందల డిగ్రీల పైన కాలి విరిగినప్పుడు మాత్రమే పుట్టే లెవోగ్లూకోసాన్ అనే చక్కెర లాంటి పదార్థం ఉంది. క్లోరేట్ నుంచి అది రాదు. బెల్లం బట్టీ కింద పిప్పి మండితే వస్తుంది, భోగి మంటలోనూ వస్తుంది. పొటాషియం ఉండి లెవోగ్లూకోసాన్ లేని రోజు అగ్గిపెట్టెల వైపు చూడాలి. భోగి పొగలో పాత టైరొకటి చేరితే జింకు కూడా కనిపిస్తుంది.

ఇంత లోతుగా వెతకాలంటే ఆ ఊరి పొగల కూర్పులు ముందుగా చేతిలో ఉండాలి. అమెరికా డీజిల్ లారీ పొగ కూర్పు తెచ్చి కాట్పాడి రోడ్డుకు, ఏదో దేశపు పొయ్యి కూర్పు తెచ్చి చెరకు పిప్పికి అంటగడితే సమీకరణం తెగుతుంది, జవాబూ వస్తుంది, తప్పు జవాబు. కేంద్ర మండలి ఢిల్లీ, ముంబయి, చెన్నై, బెంగళూరు, పుణే, కాన్పూరు నగరాల్లో చేయించిన పెద్ద అధ్యయనంలో ఈ జాగ్రత్త తీసుకున్నారు. వాహనాల పొగ కూర్పులను పుణేలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్‌ఏఐ, మిగతావాటిని ఐఐటీ బొంబాయి ప్రత్యేకంగా కొలిచి ఇచ్చాయి. చెన్నై పని ఐఐటీ మద్రాసు చూసింది. మన హైదరాబాదులో పంజాగుట్ట, చిక్కడపల్లి, సెంట్రల్ యూనివర్సిటీల్లో ఫిల్టర్లు పెట్టి చేసిన పనిని గుత్తికొండ శరత్, ఆయన సహచరులు 2013లో ప్రచురించారు. వాహనాల పొగ, అవి లేపే రోడ్డు దుమ్ము కలిపితే అదే అన్నిటికన్నా పెద్ద పాలని అందులో తేలింది. యూనివర్సిటీని ఎంచుకోవడంలో ఒక తెలివి ఉంది. అది అప్పట్లో ఊరి అంచున ఉన్న చోటు, అక్కడ కూడా కనిపించిన సరుకులో చాలా భాగం ఊరి బయటి నుంచి వచ్చిందే అయి ఉండాలి.

ఇక టానరీల సంగతి. పచ్చి తోళ్ల మీది వెంట్రుకలు ఊడగొట్టడానికి సున్నం, సోడియం సల్ఫైడు వాడతారు, ఆ నీళ్లకు ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సల్ఫైడు బయటపడుతుంది. సున్నం తీసేసే దశలో అమ్మోనియా వస్తుంది. పదును పెట్టడానికి క్రోమియం లవణాలు, చివర్లో మెరుగుకు రంగులు, ద్రావకాలు. పేర్నంబట్టు మీదుగా బస్సులో పోయేవాళ్లెవరైనా కళ్లు మూసుకున్నా ఊరు వచ్చిందని చెప్పగలరు. అయితే 2009 నవంబరులో ప్రకటించిన జాతీయ గాలి ప్రమాణాల్లో పన్నెండు పదార్థాలున్నాయి. సీసం, ఆర్సెనిక్, నికెల్ ఉన్నాయి, అమ్మోనియా కూడా ఉంది. హైడ్రోజన్ సల్ఫైడు లేదు, క్రోమియం లేదు. రాణిపేటలో మూతపడిన క్రోమేట్ల ఫ్యాక్టరీ ఆవరణలో లక్షన్నర టన్నులకు పైగా క్రోమియం వ్యర్థం ఏళ్ల తరబడి గుట్టగా పడి ఉంది. ఎండాకాలపు గాలికి ఆ గుట్ట మీది దుమ్ము లేస్తే దాన్ని సూచీ ఉత్త దుమ్ముగానే లెక్కవేస్తుంది. పాలారు లోయలో మనిషి ముక్కు గుర్తుపట్టే వాయువూ, వైద్యులు భయపడే లోహమూ రెండూ సూచీకి కనిపించవు. సూచీని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, దేశమంతటికీ ఒకే కొలబద్ద పెట్టినప్పుడు ఇలాగే అవుతుంది. ఆ కొలబద్ద పక్కన స్థానికంగా ఇంకోటి ఎందుకు పెట్టలేదన్నదే నా ప్రశ్న.

కొన్ని కాలుష్యాలకు గొట్టమూ ఉండదు, చిమ్నీ ఉండదు, అవి గాలిలోనే పుడతాయి. ఈ సంగతి బయటపెట్టింది అనాసపండు వాసన మీద పనిచేస్తున్న రసాయన శాస్త్రజ్ఞుడు. నెదర్లండ్స్ నుంచి కాలిఫోర్నియాకు వెళ్లిన ఆరీ హాగెన్-స్మిట్ అనాస గుబాళింపు దేనివల్ల వస్తుందో తేల్చడానికి ఆవిరులను అతిశీతలంగా చల్లబరిచి పట్టేవాడు. 1940ల చివర్లో లాస్ ఏంజెలిస్ మీద కమ్మే పొగమంచు సంగతి చూడమంటే, అదే సరంజామాతో బయటి గాలిని చల్లబరిచాడు. కొన్ని చుక్కల గోధుమరంగు ద్రవం వచ్చింది. దాన్నుంచి మొదలై, కార్ల నుంచి, చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి ఎండలో ఓజోన్‌గా మారుతున్నాయని నిరూపించాడు. ఆ రోజుల్లో ఓజోన్ కొలవడానికి సాగదీసిన రబ్బరు ముక్కలు వాడేవారు, అవి ఎంత త్వరగా పగిలితే ఓజోన్ అంత ఎక్కువ.

వేలూరు ఎండ గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. రహదారి మీది లారీల నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు, తోళ్లకు మెరుగుపెట్టే చోట ద్రావకాల ఆవిర్లు, పైన ఏప్రిల్ మే సూర్యుడు, ఓజోన్‌కు కావలసినవన్నీ ఉన్నాయి. చిత్రమేమంటే రోడ్డు పక్కనే కొలిస్తే ఓజోన్ తక్కువ వస్తుంది, ఎందుకంటే ఇంజను నుంచి అప్పుడే వచ్చిన నైట్రిక్ ఆక్సైడు దాన్ని అక్కడికక్కడే తినేస్తుంది. గాలివాలున కొన్ని కిలోమీటర్ల అవతల, లారీ ముఖం చూడని పల్లెలో ఎక్కువ వస్తుంది. ఊరి నడుమ పెట్టిన ఒక్క కేంద్రం ఆ పల్లెను ఎన్నటికీ చూడలేదు.

గాలి పైకెంతవరకు కలుస్తుందన్నది ఇంకో లెక్క. దానికి మనకు దగ్గర్లోనే ఒక చోటుంది. వేలూరుకు ఉత్తరాన, పక్షి ఎగిరినంత దారిలో అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1990ల నుంచి అక్కడ పెద్ద రాడారు, 1998 నుంచి లైడారు పనిచేస్తున్నాయి. లైడారు ఆకుపచ్చ లేజరు కాంతిని ఆకాశంలోకి వదిలి, రేణువులను తాకి తిరిగొచ్చేదాన్ని లెక్కపెడుతుంది. ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూస్తే ఎంత ఎత్తులో ఏముందో తెలుస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం నేల వేడికి గాలి కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్ల దాకా కలగలిసిపోతుంది. శీతాకాలపు రాత్రి ఆ మందం కొన్ని వందల మీటర్లకు కుంగిపోతుంది. పొయ్యిలు, బట్టీలు వదిలేది ఒక్క పిసరు పెరగకపోయినా మార్గశిరం పొద్దున ఆరింటి కొలత మధ్యాహ్నం మూడింటి కొలతకు ఎన్నో రెట్లు ఉండేది అందుకే. కొండల మధ్య ఉన్న గుడియాత్తం లాంటి చోట చల్లగాలి వాలు మీంచి దిగి లోయలో నిలుస్తుంది, కౌండిన్య వాగు వెంట పొద్దున్నే నీలం తెరలా కనిపించే పొగ కథ అదే. అలాంటి పొద్దున చవక సెన్సర్ల మాట నమ్మడం కూడా కష్టం. అవి లేజరు వెలుగు చెదరడం చూసి రేణువులను లెక్కిస్తాయి, మంచుతేమకు ఉబ్బిన రేణువును పెద్ద రేణువుగా చదివేస్తాయి. ప్రామాణిక యంత్రం పక్కన కొన్ని వారాలు పెట్టి సరిదిద్దుకున్న తర్వాతే వాటిని ఊళ్లోకి తీసుకెళ్లాలి.

పాలారు లోయకు పర్యావరణ న్యాయంలో ఒక పెద్ద పేరుంది. టానరీల నీళ్లు నదినీ పొలాలనూ పాడుచేస్తున్నాయని వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో, 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ ప్రాంతంలో సుమారు 35 వేల హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పనికిరాకుండా పోయిందన్న లెక్క ఆ తీర్పులో ఉంది. చెడగొట్టినవాడే నష్టం కట్టాలి, ముందుజాగ్రత్త పాటించాలి అన్న రెండు సూత్రాలు మన చట్టంలో భాగమేనని జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం అందులో తేల్చింది. ఒక్కో టానరీకి పదివేల రూపాయల జరిమానా కూడా వేసింది. దేశంలో ఏ కాలుష్య కేసులోనైనా ఇవాళ ఈ తీర్పు పేరు వినిపిస్తుంది. అక్కడ న్యాయస్థానానికి ఒక సదుపాయం ఉంది, గొట్టం కనిపిస్తుంది. ఈ గొట్టం ఈ టానరీది, ఈ నీళ్లు ఆ బావిలోకి పోయాయి అని వేలుపెట్టి చూపవచ్చు. గాలికి గొట్టం చివర అంటూ ఉండదు. చెడగొట్టినవాడే కట్టాలన్న అదే సూత్రాన్ని గాలికి వర్తింపజేయాలంటే లెవోగ్లూకోసాన్, బేరియం లాంటి సాక్ష్యాలే దిక్కు. ఆ తీర్పు పుట్టిన లోయలోనే ఆ సాక్ష్యాలు సేకరించే ఏర్పాటు లేకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

కారణం కొంతవరకు పద్ధతిలోనే ఉంది. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కిందికి ముఖ్యంగా వచ్చేవి, ఐదేళ్ల కొలతల్లో ప్రమాణం దాటినట్టు తేలిన ఊళ్లు. తర్వాతి విడతలో చేర్చిన ఆంధ్ర ఊళ్లలో చిత్తూరు ఉంది. తమిళనాడు వైపు జాబితాలో తూత్తుకుడి, తిరుచ్చి, మదురై, చెన్నై ఉన్నాయి, వేలూరు లేదు. కొలిచిన ఊరికే నిధులు, అధ్యయనాలు వస్తాయి. కొలతే లేని గుడియాత్తం ప్రమాణం దాటినట్టు రుజువయ్యే దారి ఏది?

ఒకవేళ ఎవరైనా పూనుకుంటే బయటి గాలికి మూడు చోట్ల ఫిల్టర్లు చాలు. ఒకటి బజారులో, ఒకటి చెరకు పొలాల మధ్య, ఒకటి గాలి ఊళ్లోకి వచ్చే వైపు కొండ అంచున. నైరుతి గాలి, ఈశాన్య గాలి రెండూ పట్టేలా ఏడాది పొడవునా తియ్యాలి. రోజుకు రెండు ఫిల్టర్లు, టెఫ్లాన్‌ది మూలకాలకు, క్వార్ట్జ్‌ది మసికి, లెవోగ్లూకోసాన్‌కు. నాలుగోది ఇళ్లలో పెట్టాలి. తెలంగాణలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో చాయ్ పేరుతో జరిగిన అధ్యయనంలో మనుషులకే చిన్న సాంప్లర్లు తగిలించి, మెడలో కెమెరాలు వేశారు. ఎవరు ఏ నిమిషంలో ఎక్కడున్నారో కెమెరా చూపేది, కట్టెల పొయ్యి దగ్గర గడిపిన నిమిషాల్లో కొలత ఎగిసేది. గుడియాత్తంలో చాలా ఇళ్లలో కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది గానీ, అదే గదిలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. అలాంటి ఇంటి ఫిల్టరుకు పరీక్షల జాబితాలో నికోటిన్ కూడా చేర్చాలి, పొగాకు దుమ్ముకు అంతకన్నా మంచి గుర్తు లేదు.